అడక్కుండా

డ్రెస్సింగ్ గదిలో పనిచేసే నర్సుని ఆస్పత్రిలో అందరూ గాజు సిస్టర్ అనేవాళ్ళు. గాయాలకి కట్టే గాజ్ గుడ్డ ఇరవయ్యేడేళ్ళుగా ఆవిడ చేతుల్లోనే నలుగుతోంది. జనం నోట్లో పడి గాజ్ కాస్తా గాజయింది. "గాజంటే పగిలిపోయే రకం అనుకునేరు. మోకాళ్ళు తప్ప నాలో పగిలేవి ఏమీ లేవు" అని మొదట్లో ఆవిడే నవ్వించేది. తర్వాత్తర్వాత ఆ మాట అనే ఓపిక కూడా లేకుండా పోయింది.

గది కింది అంతస్తులో, నడవా చివర. రెండు బల్లలు. అందులో ఒకటి పక్కకి తిరిగితే ఊగుతుంది కాబట్టి లెక్కకి ఒకటే. కిటికీ అద్దాలకి సగం దాకా తెల్లరంగు పూశారు. బల్ల చుట్టూ తెర వేసుకోవడానికి ఇనప కడ్డీ ఉంది, కడ్డీకి రింగులూ ఉన్నాయి, తెర మాత్రం రెండేళ్ళ కిందట ఉతుక్కి వెళ్ళి మళ్ళీ రాలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అరవై మంది. షుగరు కాళ్ళు, కాలిన చేతులు, కుట్లు పిగిలిన పొట్టలు. విప్పడం, కడగడం, కట్టడం. మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు ఆవిడకి. పుండ్లు గుర్తుండేవి.

ఒక సోమవారం పదకొండు దాటాక ఒక కుర్రాడు కుంటుకుంటూ వచ్చాడు. ముప్పై ఒకటో ఏడు, పల్చటి గడ్డం, లిఫ్టులు బాగుచేసే కంపెనీ వాళ్ళ నీలం చొక్కా. ముందు రోజు ఎమర్జెన్సీలో కుడి తొడ లోపలి వైపు, గజ్జకి దగ్గర్లో చీముగడ్డ కోశారు. కోసిన గుంటలో గాజ్ పట్టీ కుక్కి ఉంటుంది, రోజూ దాన్ని తీసి కొత్తది పెట్టాలి. కార్డు మీద ఇంతే రాసి ఉంది. పేరు, వయసు, పురుషుడు.

"రా నాన్నా, చెప్పులక్కడ విడిచి ఎక్కు. ప్యాంటు కిందికి దించు, సిగ్గుపడితే పుండు మానదు" అంది గాజు సిస్టర్, అందరితో అన్నట్టే.

అతను ఒక్క క్షణం తలుపు వైపు చూశాడు. "తలుపు వెయ్యొచ్చా అండీ?"

"బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు. వేస్తే దబదబా బాదుతారు. కానీ."

అతను దించాడు. పాత కట్టు విప్పుతూ ఆవిడ చూసింది. చూసి, చేతిలో ఫోర్సెప్స్ అలాగే ట్రేలో పెట్టేసింది. మగవాళ్ళుగా పుట్టి ఆడవాళ్ళలా బతికేవాళ్ళ గురించి ఆవిడకి తెలుసు, ఇద్దరు ముగ్గురికి కట్లు కూడా కట్టింది. ఆడపిల్లగా పుట్టి మగవాడిలా బతికేవాళ్ళు ఉంటారని ఎక్కడో వినడమే తప్ప, ఇలా గడ్డంతో, నీలం చొక్కాతో తన బల్ల మీదికి వస్తారని ఎన్నడూ అనుకోలేదు.

తర్వాత చేసింది ఆలోచించి చేసింది కాదు. తలుపు దగ్గరికి వెళ్ళి పక్క గదిలోని ఇంజెక్షన్ సిస్టర్‌ని పిలిచింది. "ఒకసారి ఇలా రావే, చూద్దువుగాని."

ఆమె వచ్చింది. ఆమె వెనకే నేల తుడిచే ఆయమ్మ కూడా కర్ర పట్టుకునే వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ చెడ్డమాట అనలేదు. అర నిమిషం నిలబడి చూశారంతే. ఆయమ్మ మాత్రం నాలుకతో చప్పుడు చేసి "అయ్యో, పాపం" అంది.

"మరి మీరు ఆడవాళ్ళ ఓపీకి కదా వెళ్ళాల్సింది?" అని అడిగింది ఇంజెక్షన్ సిస్టర్. నిజంగానే తెలియక అడిగింది.

అతను పైకప్పు ఫ్యాను వైపే చూస్తూ అన్నాడు. "పుండు తొడ మీద ఉందండీ."

వాళ్ళు వెళ్ళిపోయారు. గాజు సిస్టర్ పని శుభ్రంగానే చేసింది. పని విషయంలో ఆవిడకి వంక పెట్టినవాళ్ళు లేరు. "రేపు ఇదే టైముకి రండి. ఒక్కరోజు కూడా మానకూడదు" అని చెప్పింది. అతను "అలాగేనండి" అని, బెల్టు పెట్టుకుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరుచుకుని కూర్చున్నాక ఇంజెక్షన్ సిస్టర్ అడిగింది. "ఇంతకీ అక్కా, పొద్దున వచ్చాడు అనాలా, వచ్చింది అనాలా?"

"వచ్చారు అను. గొడవ వదిలిపోతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. పన్నెండేళ్ళుగా ఇద్దరూ ఒకే బల్ల మీద తింటున్నారు. ఒకరి డబ్బాలోది ఒకరు అడక్కుండానే తీసుకుంటారు.

మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంటి దగ్గర్లో ఎక్కడో కట్టించుకుంటున్నాడులే అనుకుంది గాజు సిస్టర్. రానివాళ్ళ గురించి ఆవిడ ఎప్పుడూ అలాగే అనుకునేది. వచ్చేవాళ్ళతోనే వేగలేకపోతుంటే.

ఆ వారంలోనే నర్సింగు కాలేజీ నుంచి ఒక లెక్చరర్ వచ్చి అందరికీ కాగితాలు పంచింది. ఆడవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళు, మగవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళు, పుట్టినప్పుడు ఆడా మగా అని రాసినదానికి వేరుగా బతికేవాళ్ళు ఆస్పత్రికి వస్తే నర్సులకి ఏం తెలుసు, వాళ్ళతో ఎలా ఉంటారు అని ముప్పై ప్రశ్నలు. "ఇదేం పరీక్ష అక్కా, పాసవ్వాలంటే ఎన్ని రావాలి?" అంటూ ఇంజెక్షన్ సిస్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఒకళ్ళ కాగితంలోకి ఒకళ్ళు తొంగి చూస్తూ రాశారు. రోగులందరినీ సమానంగా చూస్తారా? చూస్తాం. వారి గోప్యతని కాపాడతారా? ఎల్లప్పుడూ. ఇలాంటి రోగిని ఎప్పుడైనా చూశారా అన్నచోట మాత్రం గాజు సిస్టర్ పెన్ను కాసేపు ఆగింది. "చూశాను" అని రాసి, కాగితం ఇచ్చేసి, కట్లు కట్టడానికి లేచింది.

పదకొండు రోజులు గడిచాయి. మూడో అంతస్తు సర్జికల్ వార్డు నుంచి కబురొచ్చింది. లోతైన పుండొకటి ఉంది, గాజ్ ప్యాకింగ్ కుదరడం లేదు, ఒకసారి పెద్దావిణ్ణి రమ్మనండి అని. ట్రే పట్టుకుని వెళ్ళింది. ఆ పేషెంటు మగవాళ్ళ వార్డులో లేడు, ఆడవాళ్ళ వార్డులో లేడు. రెండు వార్డుల మధ్య, లిఫ్టు పక్కన, విరిగిన మంచాలూ ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లూ పెట్టే గదిలో ఒక మంచం వేశారు. మా వార్డులో పెడితే మిగతావాళ్ళు ఒప్పుకోరని మగవాళ్ళ వార్డు సిస్టర్ అందట. గడ్డం ఉన్న మనిషిని మా దగ్గర ఎలా పెడతామని ఆడవాళ్ళ వార్డు సిస్టర్ అందట. ఎవరి మాటలోనూ కోపం లేదు. మంచం మాత్రం సిలిండర్ల మధ్యకి చేరింది.

ఆ మంచం మీద ఉన్నది ఆ నీలం చొక్కా లిఫ్టు మెకానిక్కే. జ్వరంతో పెదాలు పగిలిపోయాయి. ముందు రోజు రెండోసారి కోశారు. మొదట రెండు వేళ్ళంత ఉన్న గుంట ఇప్పుడు అరచేయంత అయింది.

రౌండ్సులో ఉన్న సర్జన్ అప్పుడే లోపలికొచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు, పొద్దున ఆరింటి నుంచి నిలబడే ఉన్నాడు. "రోజూ కట్టు మార్పించుకోమని చెప్పారా లేదా?"

"చెప్పారండి" అన్నాడు మెకానిక్.

"మరి? చదువుకున్నవాడివేనా? ఇంకో రెండ్రోజులు ఆగితే కాలే పోయేది."

అతను గాజు సిస్టర్ వైపు చూశాడు. చూసింది ఒక్కసారే. తర్వాత మళ్ళీ పైకప్పు వైపు తిరిగాడు. సర్జన్ నిట్టూర్చి కేసు షీటులో ఒక వాక్యం రాశాడు. రోగి నిర్లక్ష్యం వల్ల పుండు ముదిరినది. ట్రే పట్టుకుని నిలబడ్డ గాజు సిస్టర్ ఆ వాక్యం చదివింది. మొదటి రోజు సంగతి ఆవిడా చెప్పలేదు.

అందరూ వెళ్ళాక చేతులు కడుక్కుని కట్టు విప్పడం మొదలుపెట్టింది.

"మీ ఫ్రెండ్స్ రాలేదా?" అన్నాడు అతను.

ఆవిడ సెలైన్‌తో గాజ్ తడిపి, మెల్లిగా లాగింది. అతను మంచం కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతా అయ్యాక, ఇన్నాళ్ళూ ఎవరు కట్టారని అడిగింది.

"నేనే. బాత్రూంలో స్టూలు మీద కాలు పెట్టుకుని, కింద అద్దం పెట్టుకుని."

"మీ ఇంట్లో ఎవరూ లేరా?"

"అక్క ఉంది."

"మరి అక్కని అడగొచ్చుగా?"

"నన్ను తమ్ముడూ అని పిలవడానికి మా అక్కకి ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడు మళ్ళీ చూపించి మొదటికి తెచ్చుకోమంటారా?"

అక్క గది బయటే స్టూలు మీద కూర్చుని ఉంది. టైలరు. బట్టలు కుట్టే చోటు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో కొలత టేపు అలాగే ఉంది. గాజు సిస్టర్‌ని చూడగానే లేచి నిలబడింది. "మా వాడు మొండివాడు సిస్టర్ గారూ. నొప్పని కూడా చెప్పదు... చెప్పడు. జ్వరంతో పడిపోతే గానీ నాకు తెలీలేదు. నాలుక కూడా పాత అలవాటు, అప్పుడప్పుడూ జారుతుంది. జారితే మూడ్రోజులు మాట్లాడడు వెధవ. ఎందుకురా కట్టుకి వెళ్ళలేదు అంటే పనుంది అంటాడు. పని ఎక్కడికి పోతుంది చెప్పండి?" కళ్ళు తుడుచుకుని, దణ్ణం పెట్టి ఇంకో మాట అంది. "ఇందాక అరుపు వినపడలేదు. మీ చేయి తేలిక. రేపట్నుంచి మీరే రండి సిస్టర్ గారూ, మీకు పుణ్యముంటుంది."

అతను అక్కకి ఏమీ చెప్పలేదన్నమాట. గాజు సిస్టర్‌కి మెట్లు దిగుతుంటే మోకాళ్ళు ఎప్పటికన్నా ఎక్కువ నొప్పెట్టాయి.

రోజూ కింద పనయ్యాక పైకి వెళ్ళి అతని కట్టు మార్చేది. వెళ్ళగానే తలుపు వేసేది. మాటలు తక్కువే. గోడ అవతల లిఫ్టు కిందికీ పైకీ తిరుగుతూ మూలుగుతుంటే అతను వినేవాడు. "రోలర్ అరిగిపోయింది. ఇంకో నాలుగు రోజులు నడిస్తే గొప్ప" అన్నాడొకసారి. నాలుగో రోజున ఆగనే ఆగింది. ట్రేతో మూడు అంతస్తులు ఎక్కి రొప్పుతూ వచ్చిన ఆవిణ్ణి చూసి "చెప్పానా" అన్నాడు. నవ్వినట్టే ఉంది.

ఇంకోరోజు ఆవిడ వస్తూ వస్తూ నడవాలో కాలికి సిమెంటు కట్టుతో గెంతుతున్న కుర్రాణ్ణి కేకలేసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఆ కాలు కింద పెట్టావంటే రెండోదీ నేనే విరగ్గొడతా!"

లోపలికి రాగానే మెకానిక్ అడిగాడు. "నన్నెప్పుడూ అలా తిట్టరేం?"

"మిమ్మల్నెందుకు తిడతాను?"

"మొదటి రోజు బల్లెక్కేటప్పుడు రా నాన్నా అన్నారు. దిగేటప్పటికి రండి అయ్యింది."

ఆవిడ గ్లవ్స్ వేసుకుంటూ ఆగిపోయింది. "మర్యాదకి..."

"మర్యాద కాదులెండి. డు అనాలో ది అనాలో తెలీక, రు దగ్గర దాక్కున్నారు. మా ఆఫీసులో మా మేనేజరూ అంతే. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నన్ను అండీ అంటాడు. నా పక్కవాణ్ణి ఏరా అంటాడు."

ఆవేళ ఇంటికెళ్ళి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాక భర్తకి మొత్తం చెప్పింది. ఆయన ప్రెస్సులో పనిచేసి రిటైరయ్యాడు, ఎక్కువ మాట్లాడడు. అంతా విని, "ఎవరైనా అడిగారా నిన్ను?" అన్నాడు.

"లేదు."

"అయితే రిటైర్మెంటుకి ఇరవై రెండు నెలలుంది నీకు. నోరు మూసుకుంటే ఇట్టే గడిచిపోతాయి."

నీళ్ళు చల్లారేదాకా ఆవిడ అలాగే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే వార్డుకెళ్ళి కేసు షీటు తీసుకుంది. నర్సులు రాసే పేజీలో, సర్జన్ వాక్యానికి ఎదురుగా రాసింది. మొదటి కట్టు రోజున డ్రెస్సింగ్ గదిలో తలుపు వేయలేదనీ, రోగి శరీరం మామూలు పురుషుల శరీరంలా లేకపోవడంతో తాను పని లేని ఇద్దరిని పిలిచి చూపించాననీ, అందుకే రోగి మళ్ళీ రాలేదనీ, నిర్లక్ష్యం రోగిది కాదనీ. కింద సంతకం, తేదీ. పెన్ను మూత పెట్టేటప్పటికి గుండె మీద బరువు దిగినట్టే అనిపించింది. చాలా రోజులకి ఆ రోజు గబగబా మెట్లు దిగింది.

సాయంత్రంలోపు మేట్రన్ పిలిచింది. "ఏమ్మా, ఎవరైనా కంప్లైంటు ఇచ్చారా?"

"లేదండీ."

"పోనీ ఎవరైనా నిన్ను రాయమన్నారా?"

"లేదు."

"మరి కోరి కొరివితో తల గోక్కోవడం దేనికి? నీ వల్ల ఇప్పుడు నేను ముగ్గురికి మెమో ఇవ్వాలి." మేట్రన్ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. ఆవిడకీ ఓపిక లేదు. "సరే, వెళ్ళు. పని లేనివాళ్ళు డ్రెస్సింగ్ గదిలోకి రాకూడదని ఒక సర్క్యులర్ వేస్తాను. అందరూ సంతకాలు పెట్టండి."

మర్నాడు మధ్యాహ్నం ఇంజెక్షన్ సిస్టర్ డబ్బా తెచ్చుకోలేదు. మెమో కాగితం తెచ్చుకుంది. "నువ్వు పిలిస్తేనే కదా అక్కా వచ్చాను? నువ్వే పిలిచి, నువ్వే నా పేరు పట్టించావు. నేను అక్కడ తప్పుగా ఒక్క మాట అన్నానా? తెలీక అడిగాను. తెలీకపోవడం కూడా నేరమేనా?"

"నేరమని కాదే..."

"పిల్ల పెళ్ళికి సెలవు పెట్టుకున్నాను. ఇప్పుడు ఇస్తారో ఇవ్వరో." ఆమె మెమో కాగితం మడిచింది. "నీ మనసు తేలిక చేసుకోవడానికి నా నెత్తిన పెట్టావు."

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. అయినా, కనీసం అతనికైనా మేలు జరిగిందిగా అనుకుంటూ గాజు సిస్టర్ మూడో అంతస్తు ఎక్కింది.

గది తలుపు తీసే ఉంది. అతను మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ముఖం నల్లబడిపోయింది. అక్క గది మూలన నిలబడి ఉంది.

"మీరు ఏం రాశారు?" అన్నాడు.

"నిజం రాశాను. తప్పు నీది కాదని..."

"నిన్న రాత్రి డ్యూటీ సిస్టర్ చదివింది. తెల్లారి ఇంకో సిస్టర్‌కి చదివి వినిపించింది. ఇందాక భోజనం తెచ్చే మనిషి కూడా తలుపు దగ్గర ఆగి చూసి వెళ్ళాడు. ఎక్స్‌రేకి తీసుకెళ్తే అక్కడా ఆ పేజీయే తెరిచారు. మా అక్క అక్కడే ఉంది, నాకంటే ముందు తనే చదివింది." అతని గొంతు పెరగలేదు. "మొదటిసారి ఇద్దరికి చూపించారు. ఈసారి ఆస్పత్రి మొత్తానికి చూపించారు. రెండుసార్లూ నన్ను అడగలేదు."

గాజు సిస్టర్ ట్రే కింద పెట్టింది. పెట్టడానికి చోటు లేక ఒక సిలిండరు మీద పెట్టింది. "మంచికేనని..."

"మొదటిసారి చెడు చెయ్యాలని పిలిచారా ఏంటి?"

అక్క ఇప్పుడు ముందుకొచ్చింది. రేపట్నుంచి మీరే రండి అన్న మనిషే. "నేను మీకు దణ్ణం పెట్టాను కదా సిస్టర్ గారూ" అంది. అంతే అంది.

గాజు సిస్టర్ తనకి ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. ఏడ్చే ఓపిక లేదు. విరిగిన మంచం అంచున కూర్చుంది. ఇన్నేళ్ళలో రోగి ముందు కూర్చోవడం అదే మొదలు.

"నాకు తెలీదు" అంది చివరికి. "ఏం చేస్తే బాగుంటుందో నాకు తెలీదు. నువ్వు చెప్పు. చెప్పిందే చేస్తాను. చెప్పకపోయినా సరే, లేచి కట్టు కట్టి వెళ్ళిపోతాను."

అతను అక్క వైపు చూశాడు. తర్వాత అన్నాడు. "డిశ్చార్జి కాగితం మా ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే ఇన్ని రోజుల సెలవుకి ఒప్పుకోరు. అందులో నిర్లక్ష్యం అన్న మాట ఉండకూడదు. మీరు రాసిందీ ఉండకూడదు. గడ్డ, ఆపరేషను, విశ్రాంతి. అంతే ఉండాలి."

"సరే."

"ఇంటికెళ్ళాక కట్టు మీ దగ్గరే మార్పించుకోవాలట. వేరే చోటుకి పోతే మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవాలి. నాకు ఓపిక లేదు. ఎవరూ లేని టైము చెప్పండి. తలుపు వేసి ఉండాలి. మీరు తప్ప ఇంకో మనిషి ఉండకూడదు."

"ఒంటిగంటంపావు. అప్పుడు ఎవరూ ఉండరు."

"నాకు మీరు క్షమాపణ చెప్పక్కర్లేదు" అన్నాడు. "విని, పర్లేదులెండి అని నేను మీకు ధైర్యం చెప్పాలి మళ్ళీ. అది నా వల్ల కాదు."

ఆవిడ తలూపి, చేతులు కడుక్కుని కట్టు విప్పింది. అక్క బయటికి వెళ్ళబోతే అతను "ఉండవే" అన్నాడు. అక్క అటు తిరిగి, గోడ వైపు చూస్తూ, తమ్ముడి చేయి పట్టుకుని నిలబడింది.

డిశ్చార్జి కాగితం కోసం గాజు సిస్టర్ సర్జన్ గది బయట రెండు గంటలు కూర్చుంది. ఆయన ఆపరేషన్ల నుంచి వచ్చి ఆవిణ్ణి చూసి విసుక్కున్నాడు. "కేసు షీటులో రాసింది కొట్టేయడానికి వీల్లేదు సిస్టర్. మీది గానీ, నాది గానీ."

"కొట్టేయమనడం లేదు సార్. ఇంటికి తీసుకెళ్ళే కాగితంలో వద్దంటున్నాను."

"నిజమే కదా రాసింది?"

"సగం నిజం సార్. మిగతా సగం నేను రాశాను. రెండూ అతని ఆఫీసుకి అనవసరం."

ఆయన పెన్ను తీసి, ఆవిడ ముఖంలోకి ఒకసారి చూసి, చూపించిన చోట నాలుగు లైన్లు రాశాడు. గడ్డ, ఆపరేషను, విశ్రాంతి. "కేసు షీటు అందరి చేతుల్లో తిరక్కుండా వార్డు సిస్టర్ అల్మరాలో పెట్టించండి" అని తనే అన్నాడు, కాగితం చేతికిస్తూ. "ఇది ముందే చెప్పాల్సింది ఎవరో ఒకరు." ఆ ఎవరో ఒకరు తామిద్దరూ అని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు.

తర్వాత ఐదు వారాలు మెకానిక్ ఒంటిగంటంపావుకి వచ్చేవాడు. మొదట అక్క భుజం పట్టుకుని, తర్వాత కర్రతో, తర్వాత ఏ ఆసరా లేకుండా. గాజు సిస్టర్ తన భోజనం మానుకునేది ఆ టైములో. ఎలాగూ పక్కన కూర్చుని తినే మనిషి లేదు. స్టోరు నుంచి పాత దుప్పటి ఒకటి తెచ్చి కడ్డీకి కట్టింది. ఆకుపచ్చ గళ్ళ దుప్పటి, చూడ్డానికి అసహ్యంగా ఉండేది. "ఇదేంటి, తెరా, లుంగీయా?" అన్నాడు అతను మొదటి రోజు. "నోరు మూసుకుని ఎక్కరా" అంది ఆవిడ, అని నాలుక కరుచుకుంది. అతను చెప్పులు విడిచి ఎక్కాడు.

స్నేహం అయిందని చెప్పడానికి లేదు. కొన్ని రోజులు ఒక్క మాటా ఉండేది కాదు. ఒకరోజు ఆవిడే అడిగింది. మందులేమైనా వాడుతున్నావా, గడ్డానికి, గొంతుకి, వాటివల్ల పుండు మానడం ఆలస్యమవుతుందేమో అని. "ఇది పుండు కోసం అడుగుతున్నారా, మీ కోసమా?" అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "సగం సగం" అంది. "పుండు సగానికి చెప్తాను" అని, వాడే ఇంజెక్షను పేరు, ఎన్నాళ్ళకోసారి తీసుకుంటాడో చెప్పాడు. ఆవిడ రాసుకుని, సర్జన్ని అడిగి, దానివల్ల ఏమీ కాదని మర్నాడు చెప్పింది. రెండో సగం అడగలేదు.

ఇంజెక్షన్ సిస్టర్‌కి సెలవు దొరికింది. పెళ్ళి జరిగింది. గాజు సిస్టర్‌కి పిలుపు రాలేదు. ఒకరోజు ఒంటిగంటంపావుకి తలుపు మీద చప్పుడైంది. "లోపలికి దయచేయొచ్చా మేడం గారూ? లేకపోతే సర్క్యులర్ తెచ్చుకోవాలా?" బయట నుంచి ఆమె గొంతు.

"పేషెంటున్నాడు" అంది గాజు సిస్టర్.

"సరే. గాజ్ కట్టలు బయట పెడుతున్నాను" అని వెళ్ళిపోయింది. గొంతులో వెటకారం ఉంది. కానీ తలుపు తోయలేదు.

ఐదో వారం చివర పుండు పూర్తిగా పూడింది. లేతగులాబి రంగు మచ్చ మిగిలింది. గాజు సిస్టర్ వేలితో నొక్కి చూసి, "ఇక రానక్కర్లేదు" అంది.

"హమ్మయ్య" అన్నాడు మెకానిక్.

"హమ్మయ్య" అంది ఆవిడ కూడా.

అతను బెల్టు పెట్టుకుని, తలుపు తీసుకుని, "వస్తానండీ" అని వెళ్ళిపోయాడు. క్షమించాడో లేదో ఆవిడకి తెలీదు. ఎవర్నీ అడగలేదు.

ఆ రోజు పనంతా అయ్యాక ఆవిడ కుర్చీలో కూర్చుని, పోయిన నెల వచ్చినవాళ్ళ పేర్లూ ఫోను నంబర్లూ ఉన్న పుస్తకం తిరగేసింది. మొదటి కట్టుకి వచ్చి, రెండో దానికి రానివాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళంతా పుండు మానిపోయినవాళ్ళే ఆవిడ లెక్కలో. మెడ కాలిన ఒక ఆవిడ. వేళ్ళు నలిగిన ఒక ముసలాయన. ఎవరి వెనక ఏముందో, ఎవరి వెనక ఏమీ లేదో పేరు చూసి చెప్పలేం.

పక్కనున్న ఫోను దగ్గరికి లాక్కుని, మెడ కాలినావిడ నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది.

"ఎవరండీ?" అంది అవతలి గొంతు, భయంగా.

"డ్రెస్సింగ్ గది నుంచమ్మా. మళ్ళీ రాలేదేం?"

"బస్సు దొరకలేదండీ. తర్వాత ఇంట్లో పనుల్లో పడిపోయాను."

నిజమో కాదో తెలీలేదు. "సరే, రేపు వీలైతే రా తల్లీ. ఎప్పుడు రాగలవో చెప్పు, ఎవరూ లేని టైము కావాలంటే అదీ చెప్పు" అంది గాజు సిస్టర్. అవతల ఆవిడ ఏదో చెప్తోంది. ఇవతల ఆవిడ చెప్పులు విడిచి, ఉబ్బిన కాళ్ళు ఊగే బల్ల కిందికి చాపుకుని, ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.